ఏడు సెకన్లు

మంగళవారం రాత్రి బడి.
వాల్పరాయిసో రేవు వెనక, సబ్బుల గోదాము మీది గది.
క్రేను నడిపే నిబాల్డో,
చేపలు కోసే అక్కాచెల్లెళ్ళిద్దరు,
ఆసుపత్రి దుప్పట్లు ఉతికే నేను,
ఇంకా ఏడుగురు.

కిలోద్రాన్ టీచరు పుస్తకం తెరవలేదు.
గోనెసంచిలోంచి పాత కిటికీ చట్రం తీసింది.
అద్దం లేదు, ఒక మూల చెద.
ముఖానికి అడ్డంగా పట్టుకుని
"దీన్లోంచి నన్ను చూడండి" అంది.
చూశాం.
"నా చెప్పులు ఏ రంగు?"
చట్రం ఆమె గడ్డం దగ్గరే ఆగిపోయింది.
ఎవ్వరికీ తెలియలేదు.

"ఈ ఏడాది పాఠం అంతే. ఇళ్ళకెళ్ళొచ్చు."
ఎవరం లేవకపోయేసరికి నవ్వి
ఇంటిపని ఇచ్చింది:
వారం పాటు వార్తలు చూడండి.
వార్తను కాదు, దాని అంచుల్ని.

మా ఎర్మెలిందా అత్త ఇంట్లో
టీవీ, ఉప్పుబుడ్డి ఒకే బల్ల మీద ఉంటాయి.
ఎవరో పోయారని వింటూ రొట్టె తుంచుతాం.
ఎంతమంది పోయారో చెప్పేలోగా
"ఉప్పు ఇటివ్వు" అంటాం.

నోటుబుక్కులో రాసుకున్నాను:
సమ్మె అన్నప్పుడల్లా కాలుతున్న టైరు.
పెట్టుబడి అన్నప్పుడల్లా నీలాకాశం.
నిబాల్డోకి చూపిస్తే
"మా సమ్మెలో టైరెక్కడిది,
రెండ్రోజులూ టీ కాచుకుని చీట్లాడాం.
ఆ టైరు నాకు తెలుసు,
మూడేళ్ళ కిందటిది, పాపం
ఇంకా కాలుతూనే ఉంది" అన్నాడు.

శుక్రవారం ఎదురు కొండ అంటుకుంది.

ముందు కిటికీలోంచి సైరన్.
తర్వాత టీవీలోంచి అదే సైరన్.
మధ్యలో ఏడు సెకన్లు.
మూడుసార్లు లెక్కపెట్టాను.
ఆ ఏడు సెకన్లలో
ఎవరో ఎక్కడో కూర్చుని
మా కొండకు పేరు పెడుతున్నారు,
మంటకు సంగీతం వెతుకుతున్నారు.

అత్త కుర్చీని కిటికీ దగ్గర్నుంచి ఈడ్చి
టీవీ వైపు తిప్పుకుంది.
"ఇక్కడైతే కళ్ళకు కట్టినట్టు చూపిస్తున్నారే!"
కట్టారు, నిజమే.
కట్టింది బొమ్మనో గంతనో
రాసుకుందామని పెన్ను వెతుక్కున్నాను.

రేకుల ఇల్లొకటి కూలింది.
పైనుంచి కూలింది, ఎడమనుంచి కూలింది,
మెల్లగా కూలింది, మళ్ళీ పైనుంచి.
రాత్రి పదింటికి పంతొమ్మిదిసార్లు.
కిటికీలో మాత్రం ఒక్కసారే కూలింది.
మళ్ళీ లేవలేదు.

ఇంతవరకూ క్లాసులో చదివి వినిపించాను.
చేపల అక్కాచెల్లెళ్ళు చప్పట్లు కొట్టారు.
చదవనిది ఇది:

నేనూ ఫోను ఎత్తాను.
గోరంతలు కొండంతలు చేస్తారని లోకాన్ని తిడతాం కదా,
నా చేతిలో కొండంతది గోరంతయింది.
ఫోనులో, మెట్ల మీద, ఓ ముసలాయన.
మసి ముఖం, చంకలో బకెట్టు.
నవ్వుతున్నాడు.
మంటకు ఆ నవ్వు అతకలేదు.
ఫోను కొంచెం ఎడమకి జరిపాను.
తర్వాత నొక్కాను.
నాలుగొందల మంది ఏడుపు ముఖాలు పెట్టారు.

టీచరు ఏమీ అడగలేదు.
చట్రం నా బల్ల మీద పెట్టి
"ఈ వారం నీ దగ్గర ఉంచుకో" అంది, అంతే.
ఎందుకు నాకే ఇచ్చిందో.

ఆదివారం ఆ మెట్లెక్కాను.
గోడలు నల్లగా, కాలిన ప్లాస్టిక్ వాసన.
ఆయన పేరు అబ్దోన్.
ఆ రోజు ఎందుకు నవ్వారని అడిగాను.

"ఎందుకేమిటి?
పదకొండేళ్ళుగా అర్జీలు పెడుతున్నాం తల్లీ,
మా సందులోకి నీళ్ళు రావడం
అదే మొదటిసారి."

ఫైరింజను గొట్టం పడిన జాడ
ఇంకా మట్టిలో ఉంది, తడిగా.

"టీవీలో వచ్చానా?" అన్నాడు.
"రాలేదు" అన్నాను.
తతిమ్మాది నోట్లోనే ఉండిపోయింది.
తల దించుకుంటే
ఆయన చెప్పులు కనిపించాయి.
ఆకుపచ్చ రబ్బరువి.
ఎడమదానికి పట్టీ లేదు,
కరెంటు తీగ కట్టుకున్నాడు.